నల్లరాయి సాక్ష్యం: పాత సముద్రాల్లో ఆక్సిజన్ ఎప్పుడు తగ్గిందో ఎలా తేలుస్తాం

అందరికీ నమస్కారం.

హైదరాబాద్ కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. మౌలాలి గుట్టంతా గాలించినా అందులో సముద్రపు ఆనవాలు దొరకదు. కానీ ఇక్కడి ఎన్నో ఇళ్లలో పరిచిన తాండూరు బండ సముద్రంలో పేరుకున్న సున్నపురాయే. దాని అంచును తడిపి, పక్కనుంచి లైటు వేసి చూడండి. సన్నని పొరలు కనిపిస్తాయి.

సముద్రం అడుగున ఆక్సిజన్ ఉంటే పురుగులు, నత్తలు బురదను తవ్వి పొరలను కలిపేస్తాయి. అది లేకపోతే పొరలు చెదరకుండా మిగులుతాయి. మరి తాండూరు బండ ఆక్సిజన్ లేని చోట ఏర్పడిందా? ఈ పొరలను బట్టి ఆ మాట అనలేం. అది 54 కోట్ల ఏళ్లకు మునుపటి ప్రొటెరోజోయిక్ కాలపు రాయి. బురదను అంత లోతుగా తవ్వే జంతువులు అప్పటికి పుట్టనే లేదు. రాతి పొరల విషయంలో ఏ ఒక్క ఆనవాలునూ ఒంటరిగా నమ్మకూడదు. నలుపు రంగుకూ ఇదే వర్తిస్తుంది.

ఇటలీలోని గుబ్బియో దగ్గర తెల్లని సున్నపురాళ్ల మధ్య సుమారు మీటరు మందాన నల్లని పట్టీ ఉంది. సుమారు 9.4 కోట్ల ఏళ్ల క్రితం పెద్ద ఎత్తున అగ్నిపర్వతాలు పేలి, భూమి వేడెక్కి, సముద్రంలోకి పోషకాలు ఎక్కువగా చేరాయి. నీటిలో తేలే సూక్ష్మజీవులు, అంటే ప్లాంక్టన్, విపరీతంగా పెరిగి, చచ్చి కిందికి దిగింది. దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను వాడేసింది. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది కాబట్టి లోటు మరింత పెరిగింది. కుళ్లకుండా మిగిలిన సేంద్రియ పదార్థమే ఆ పట్టీకి నలుపునిచ్చింది. ఇలాంటి ఘట్టాలకు ‘ఓషియానిక్ అనాక్సిక్ ఈవెంట్’ (సముద్రాల్లో ఆక్సిజన్ తగ్గిన ఘట్టం) అన్న పేరును 1976లో భూవిజ్ఞానులు ష్లాంగర్, జెంకిన్స్ పెట్టారు. మన దక్షిణాదిలో ఆ కాలపు పొరలు పూర్వం పూడిక పేరుకున్న పల్లమైన కావేరీ బేసిన్‌లో, తమిళనాడులోని పెరంబలూరు దగ్గరి, బురద గట్టిపడి రాయైన కారై షేల్‌లో ఉన్నాయి.

పని చాలావరకు చెడేది నమూనా తీసే దగ్గరే. కారైలో నేలంతా జిప్సం ఈనెలతో మెరుస్తుంటుంది. జిప్సంలోనూ గంధకం ఉంటుంది కాబట్టి అలాంటి చోట పైపొరలోని గంధకాన్ని నమ్మొద్దు. వాన, గాలి తగిలితే పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) తుప్పుగా మారుతుంది, సేంద్రియ కార్బన్ తగ్గుతుంది, ఆక్సిజన్ లేని నీటి నుంచి బురదలోకి ఎక్కువగా చేరే లోహాలు మాలిబ్డినమ్, యురేనియం కొట్టుకుపోతాయి. పసుపు పొడి, తుప్పు మరకలు పోయి రాయి ఒకే రంగులో కనిపించేదాకా కందకం తవ్వాలి. డ్రిల్లింగ్ కోర్ దొరికితే అంతకన్నా మేలు. ఎంత దూరానికొక నమూనా తీయాలో ముందే లెక్కేసుకోవాలి. మీటరు పొరకు అయిదు లక్షల ఏళ్లు పట్టిందనుకుంటే సెంటీమీటరుకు అయిదు వేల ఏళ్లు. రెండు సెంటీమీటర్ల ముక్కను నూరితే పదివేల ఏళ్ల చరిత్ర కలిసిపోయినట్టే.

నూరడానికి స్టీలు మిల్లు వాడకండి. స్టీలులో మాలిబ్డినమ్ ఉండొచ్చు, మనం వెతికేదీ అదే. అగేట్ మిల్లు వాడి, ఒక్కో నమూనాకూ మధ్య శుభ్రమైన క్వార్ట్జ్ ఇసుక నూరి పారెయ్యండి. సేంద్రియ కార్బన్ కొలిచే ముందు పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కార్బొనేట్‌ను తీసేస్తాం. డోలమైట్ అనే కార్బొనేట్ చల్లని ఆమ్లంలో సరిగా కరగదు, వేడి చెయ్యాలి. కరగకుండా మిగిలినదంతా సేంద్రియ కార్బన్ లెక్కలో కలిసిపోతుంది.

భూపటలంలో మాలిబ్డినమ్ సగటున 1 నుంచి 2 పీపీఎం (పదిలక్షల్లో వంతులు). షేల్‌లో 25 పీపీఎం దాటితే అడుగు నీటిలో అప్పుడప్పుడైనా హైడ్రోజన్ సల్ఫైడ్ (ఆక్సిజన్ లేని నీటిలోనే నిలిచే వాయువు, ఇకపై సల్ఫైడ్) ఉందనీ, 100 దాటితే అది ఎడతెగకుండా ఉందనీ అనుకోవచ్చు. రాయిలో మట్టి వంతు మారితే ఈ అంకె మారుతుంది కాబట్టి మట్టితో వచ్చే అల్యూమినియంతో భాగిస్తాం. సున్నపురాయిలో మాత్రం అల్యూమినియం మరీ తక్కువ, ఆ నిష్పత్తి ఊరికే పెరిగిపోయి మోసం చేస్తుంది.

తర్వాత ఇనుము. మొత్తం ఇనుములో చురుకైన ఇనుము (సల్ఫైడ్‌తో కలవగలిగేది, ఇప్పటికే పైరైట్‌గా మారినది) 0.38 వంతు దాటితే ఆ నీటిలో ఆక్సిజన్ లేనట్టు. ఆ చురుకైన దానిలో పైరైట్ 0.7 నుంచి 0.8 వంతు దాటితే నీటిలో సల్ఫైడ్ ఉన్నట్టు. రాయి తుప్పు పట్టి ఉంటే మొదటి నిష్పత్తి పెద్దగా మారదు, రెండోది పడిపోతుంది. అప్పుడు సల్ఫైడ్ నిండిన సముద్రం సల్ఫైడ్ లేక ఇనుము కరిగి ఉన్న సముద్రంలా కనిపిస్తుంది. దీన్ని పట్టుకోవడానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పైరైట్ ఫ్రాంబాయిడ్లను చూడాలి. ఒక్కోటి అచ్చం సీతాఫలంలా, చిన్న చిన్న స్ఫటికాలు గుత్తిగా అతుక్కుని ఉంటుంది. నీటిలోనే పుట్టినవి పెరగకముందే అడుగుకు పడిపోతాయి, వాటి సగటు వ్యాసం సుమారు 5 మైక్రాన్లు. బురదలో పుట్టినవి తీరిగ్గా పెద్దవవుతాయి. తుప్పు పట్టాక కూడా ఆ ఆకారం చాలాసార్లు నిలుస్తుంది. నమూనాకు కనీసం 100 ఫ్రాంబాయిడ్లనైనా కొలవండి, అయిదారు చూసి తీర్పు చెప్పొద్దు.

ఇదంతా చెప్పేది ఆ ఒక్క చోటి సంగతే. ఈనాటి నల్ల సముద్రంలో పై పొర కింద అంతా సల్ఫైడే, అయినా ప్రపంచ సముద్రాల్లో ఆక్సిజన్ ఉంది. బేసిన్ మూసుకుపోయిందో లేదో పీపీఎంలలో మాలిబ్డినమ్‌ను శాతాల్లోని సేంద్రియ కార్బన్‌తో భాగిస్తే కొంత తెలుస్తుంది. బాగా మూసుకుపోయిన నల్ల సముద్రంలో ఆ విలువ సుమారు 4.5, నీళ్లు మారుతూ ఉండే కెనడాలోని సానిచ్ ఇన్‌లెట్‌లో సుమారు 45. ప్రపంచమంతటి లెక్క కావాలంటే దూరదూరపు బేసిన్లలో ఒకే వయసు పొరలను కార్బన్ ఐసోటోపులతో (ఒకే మూలకపు వేర్వేరు బరువుల పరమాణువులతో) జతపరచి, సున్నపురాయిలో యురేనియం ఐసోటోపులను చూడాలి.

ఇక్కడొక చిక్కుంది. నల్లపొర మధ్యలో మాలిబ్డినమ్ పడిపోతే ఆక్సిజన్ తిరిగి వచ్చిందని రాసేయకండి. ప్రపంచంలో చాలాచోట్ల సల్ఫైడ్ నీళ్లు దాన్ని ఒకేసారి లాగేసుకుంటే సముద్రంలోనే దాని నిల్వ తరిగిపోతుంది. 9.4 కోట్ల ఏళ్ల నాటి పొరల్లో ఆ జాడ కనిపిస్తుంది. అదే నమూనాలో ఫ్రాంబాయిడ్లు చిన్నవిగానే ఉండి, ఇనుము నిష్పత్తులు కదలకపోతే తరిగింది మాలిబ్డినమే, ఆక్సిజన్ ఇంకా రాలేదు.