ఒక్క ఓటు, కొన్ని ప్రశ్నలు: ప్రభుత్వం లోక్‌సభకు జవాబు చెప్పే తీరు

[తెరపై: 1999 ఏప్రిల్ 17, లోక్‌సభ ఓటింగ్ ఫలితం]

వ్యాఖ్యానం: అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. అన్నాడీఎంకే మద్దతు ఉపసంహరించుకున్నాక ప్రధాని వాజ్‌పేయి ప్రవేశపెట్టిన విశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. ఒడిశా ముఖ్యమంత్రి అయినా లోక్‌సభ సభ్యత్వాన్ని ఇంకా వదులుకోని గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా అన్న వివాదం రేగినప్పుడు, స్పీకర్ స్థానంలో ఉన్న మన కోనసీమ నేత బాలయోగి ఆ నిర్ణయాన్ని గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. ఆయన ఓటు వేశారు, ప్రభుత్వం రాజీనామా చేసింది.

మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలని రాజ్యాంగంలోని 75వ అధికరణ చెబుతోంది. అంటే సభ విశ్వాసం పోయిందంటే ఏ ఒక్క మంత్రో కాదు, మంత్రివర్గమంతా దిగిపోవలసిందే.

[తెరపై: ప్రశ్నోత్తరాల సమయం]

వ్యాఖ్యానం: అయితే ప్రభుత్వాలు పడిపోయే రోజులు అరుదు. సమావేశాలు జరిగే రోజుల్లో ఉదయం 11 గంటలకు మొదలయ్యే ప్రశ్నోత్తరాల సమయమే అసలైన పరీక్ష అని చెప్పాలి. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు, అంటే మంత్రి సభలోనే జవాబు చెప్పాల్సిన ప్రశ్నకు, లిఖిత సమాధానాన్ని అధికారులు ముందే సిద్ధం చేసి ఇవ్వగలరు గానీ, దానిపై సభ్యులు అప్పటికప్పుడు సంధించే అనుబంధ ప్రశ్నలకు మంత్రి స్వయంగా లేచి బదులివ్వాలి.

[తెరపై: ఫిరోజ్ గాంధీ, 1957]

వ్యాఖ్యానం: జీవిత బీమా సంస్థ హరిదాస్ ముంద్రా కంపెనీల వాటాల్లో కోటి రూపాయలకు పైగా ఎందుకు పెట్టిందని 1957లో లోక్‌సభలో నిలదీసిన ఫిరోజ్ గాంధీ ప్రతిపక్ష సభ్యుడు కాదు, అధికార కాంగ్రెస్ సభ్యుడు, పైగా ప్రధాని నెహ్రూకు స్వయానా అల్లుడు. జస్టిస్ ఎం.సి. చాగ్లా కమిషన్ బహిరంగ విచారణ జరిపింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ప్రభుత్వం మాత్రం నిలిచింది.

1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం, పార్టీ విప్‌ను, అంటే ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, ధిక్కరించి ఓటు వేసిన సభ్యుడు పదవిని పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఫిరాయింపులకు కళ్లెం వేయడానికి తెచ్చిన ఆ చట్టం, అధికార పక్ష సభ్యుడి ఓటుకూ కళ్లెం వేసింది. అతడు అడిగే ప్రశ్న జోలికి మాత్రం అది పోలేదు.