ఈ క్రిమికి రంగు ఎవరు వేశారు?

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు తెర మీద ఉన్న ఈ బొమ్మను ఒక్క నిమిషం చూడండి. బూడిద రంగు బంతి, దాని నిండా ఎర్రటి ముళ్ళు, మధ్యమధ్యలో నారింజ, పసుపు చుక్కలు. ఇదేమిటో నేను చెప్పక్కర్లేదు, 2020లో రోజుకు పదిసార్లు చూసి ఉంటారు, టీవీలో, ఫోన్‌లో, గోడల మీద.

ఇది ఫొటో అనుకుంటున్నవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు, ఎందుకంటే కింద ఫొటో అనో బొమ్మ అనో రాసి చూపించినవాళ్ళు తక్కువ. ఇది మనుషులు కూర్చుని చేసిన బొమ్మ. అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీలో అప్పట్లో పనిచేస్తున్న అలిసా ఎకర్ట్, డాన్ హిగ్గిన్స్ అనే ఇద్దరు మెడికల్ ఇలస్ట్రేటర్లు 2020 జనవరిలో కంప్యూటర్ మీద తయారుచేశారు. ముళ్ళ ఆకారం కల్పన కాదు, శాస్త్రవేత్తలు కొలిచి పెట్టిన ప్రోటీన్ల వివరాలు తీసుకుని కట్టారు. రంగు మాత్రం వాళ్ళదే. ఎరుపు వాళ్ళు ఎంచుకున్నదే, ఆ వెలుగునీడలూ వాళ్ళు ఎంచుకున్నవే.

మరి అసలు వైరస్ ఏ రంగులో ఉంటుంది? ఏ రంగులోనూ ఉండదు. మన కంటికి కనిపించే వెలుతురు తరంగాల పొడవు సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు, మిల్లీమీటరులో పది లక్షల్లో ఒక వంతు ఒక నానోమీటరు. కరోనా వైరస్ అడ్డంగా కొలిస్తే 100 నానోమీటర్లు, అటూ ఇటూగా. అంటే వెలుతురు అలే దానికన్నా నాలుగు నుంచి ఏడు రెట్లు పెద్దది. అంత చిన్నదాన్ని పట్టుకుని ఇది ఎరుపా పచ్చా అని అడిగితే ఆ ప్రశ్నకే అర్థం ఉండదు.

నేను చాలా ఏళ్ళు మైక్రోబయాలజీ ల్యాబ్‌లో స్లయిడ్లు చూసినవాణ్ణి. ఈరోజు నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. జబ్బుల గురించి మనం చూసే ప్రతి బొమ్మ వెనకా ఒక చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి ఏం చేసిందో తెలిస్తే బొమ్మ మీద నమ్మకం పోదు, ఏది ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. తెలియకపోతే మాత్రం జబ్బుపడ్డ మనిషి కూడా ఆ బొమ్మనే నమ్మి భయపడతాడు. దాన్ని నా కళ్ళతో చూశాను, అందుకే ఈ విషయం మీద ఇంత పట్టుదల.

టీబీ పరీక్షతో మొదలుపెడతాను, నా చేతులకు బాగా తెలిసిన పని కాబట్టి. రోగి ఇచ్చిన కఫంలో పసుపుపచ్చగా, చిక్కగా ఉన్న చోటు చూసి పుల్లతో కొంచెం తీసి గాజు స్లయిడ్ మీద పలచగా పూస్తాం. మరీ మందంగా పూస్తే ఏమీ కనబడదు, మరీ పలచనైతే క్రిములు దొరకవు. ఆరాక మంట మీద వేడి చూపిస్తాం, అది గాజుకు అతుక్కుంటుంది. తర్వాత కార్బాల్ ఫ్యూక్సిన్ అనే ఎర్రటి ద్రావణం స్లయిడ్ నిండా పోసి కింద నుంచి వేడిచేస్తాం, ఆవిరి లేవాలి గానీ మరగకూడదు. ఆ ఘాటు వాసన ముక్కుకు ఒకసారి పడితే జన్మలో మర్చిపోరు. ఎందుకు వేడి అంటే, టీబీ క్రిమి ఒంటి మీద మైనం లాంటి మందపాటి పొర ఉంటుంది, మామూలుగా రంగు లోపలికి పోదు. వేడికి పోతుంది. పోయాక ఇక బయటికి రాదు, మీద ఆమ్లం పోసి కడిగినా రాదు. మిగతా కణాలు దాదాపు అన్నీ ఆమ్లానికి ఎరుపు వదిలేస్తాయి, అది మాత్రం పట్టుకుని కూర్చుంటుంది. ఆఖర్న మిథిలీన్ బ్లూ పోస్తే రంగు వదిలేసినవన్నీ నీలం అవుతాయి. మైక్రోస్కోప్ కింద పెట్టి, నూనె చుక్క వేసి, వంద రెట్ల లెన్స్ దింపి చూస్తే నీలం నేల మీద సన్నటి ఎర్ర గీతలు.

ఆ ఎరుపు క్రిమిది కాదు, మేం పోసిన రంగుది. రాబర్ట్ కోక్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో టీబీ క్రిమిని కనుక్కున్నానని ప్రకటించినప్పుడు ఆయన చూపించిన క్రిములు నీలం రంగువి. ఆయన ముందు మిథిలీన్ బ్లూలో నానబెట్టి తర్వాత చుట్టూ ఉన్నదానికి గోధుమ రంగు పట్టించాడు. ఆ పద్ధతిని ఎర్లిష్, జీల్, నీల్సన్ ఒకరి తర్వాత ఒకరు మార్చుకుంటూ వచ్చాక క్రిమి ఎరుపయింది, నేల నీలం అయింది. అదే క్రిమి, అదే జబ్బు. కోక్ నీలంగా చూసినదాన్ని నేను ఎర్రగా చూశాను.

అలాగని రంగు అబద్ధం అనకండి. అది ఒక ప్రశ్నకు జవాబు. ఈ కణం ఆమ్లానికి రంగు వదులుతుందా వదలదా అన్నది ప్రశ్న, ఎరుపు దానికి జవాబు. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ కనిపెట్టిన రంగు పద్ధతి కూడా అంతే. ఊదా రంగు నిలుపుకుంటే బాక్టీరియా గోడ మందం అని, వదిలేసి గులాబీ రంగు పట్టుకుంటే గోడ పలచన, పైన ఇంకో పొర ఉందని. ఏ మందు మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి డాక్టర్లు ఇప్పటికీ ఆ రెండు రంగులనే అడుగుతారు.

ఇప్పుడు నేను చూశానన్నది చెప్తాను. పేర్లు వద్దు. నేను పనిచేసిన ఒకచోట కారిడార్ గోడకు టీబీ పోస్టర్ ఉండేది. అందులో క్రిమికి కోరలు, గోళ్ళు, ఎర్ర కళ్ళు, అది ఊపిరితిత్తిని కొరుకుతున్నట్టు బొమ్మ. ఒక పెద్దావిడ రిపోర్టు కోసం దాని ముందు బెంచీ మీద గంటసేపు కూర్చుంది. రిపోర్టు పాజిటివ్. ఆమె నన్ను మందుల గురించి అడగలేదు, ఎన్నాళ్ళు వాడాలని అడగలేదు. "అది నా లోపల అట్లానే కొరుకుతా ఉందా బాబూ?" అని అడిగింది. అప్పటికే రాత్రి నిద్రపట్టదని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది.

నాకేం చెప్పాలో తోచలేదు. "రండమ్మా, చూపిస్తాను" అన్నాను. విద్యార్థులకు చూపించే పాత స్లయిడ్ ఒకటి ఉంటే దాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టాను. చాలాసేపు ఆమెకు తన కనురెప్ప వెంట్రుకలే కనబడ్డాయి, మొదటిసారి చూసేవాళ్ళందరికీ అంతే. తల కొంచెం వెనక్కి జరపమన్నాను. ఒక్కసారిగా కదలకుండా ఆగిపోయింది. "ఈ ఎర్ర దారపు ముక్కలేనా?" అంది. అవునన్నాను. ఇంకాసేపు చూసి, "దీనికి పళ్ళు లేవే" అంది.

లేవు. పళ్ళు, గోళ్ళు, పగ, ఏవీ లేవు. రెండు నుంచి నాలుగు మైక్రాన్ల పొడవున్న కడ్డీ అది, మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. సుమారు 20 గంటలకు ఒకసారి రెండుగా చీలుతుంది, అంత నిదానం కాబట్టే కల్చర్ పెడితే, అంటే ల్యాబ్‌లో దాన్ని పెంచి చూడాలంటే, వారాల తరబడి ఎదురుచూడాలి. ఊపిరితిత్తుల్లో జరిగే నష్టంలో చాలా భాగం దానితో మన శరీరం చేసే పోరాటం వల్ల వచ్చేదే. ఆ పోస్టర్ గీసినవాళ్ళు జనానికి మంచి చేద్దామనే గీసి ఉంటారు, భయపడితే పరీక్షకు వస్తారని. కానీ కోరలున్న బొమ్మ క్రిమి మీద ఆగదు. దాన్ని మోస్తున్న మనిషి మీదికి పాకుతుంది. ఇంట్లో వాళ్ళ పక్కన కూర్చోరు, పెళ్ళి సంబంధాల్లో చెప్పనివ్వరు. ఈ మాట చెప్తుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

సరే, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ దగ్గరికి వద్దాం. మామూలు మైక్రోస్కోప్ ఎంత మంచిదైనా సుమారు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీసి చూపించలేదు. వెలుతురుకు బదులు ఎలక్ట్రాన్లు వాడొచ్చని ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ 1931లో చేసి చూపించారు. వైరస్‌ల ఆకారం కంటికి దొరికింది ఆ తర్వాతే. ఎలక్ట్రాన్లకు రంగు తెలియదు, వచ్చేవి నలుపూ తెలుపూ బూడిదా బొమ్మలే. మీరు పత్రికల్లో చూసే పచ్చటి హెచ్ఐవీ, నీలం ఎబోలా, అన్నీ తర్వాత కంప్యూటర్ మీద రంగు వేసినవి.

ఇంకో సంగతి. ఉపరితలం అంతా ఎత్తుపల్లాలతో కనిపించే బొమ్మలు ఉంటాయి చూడండి, అవి స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌వి. మామూలుగా వాటికోసం క్రిమిని రసాయనంతో బిగుసుకుపోయేలా చేసి, ఆల్కహాల్‌లో ముంచి నీరంతా తీసేసి, ఎండబెట్టి, పైన పలచగా బంగారం లాంటి లోహం పూత వేసి, గాలి లేని గదిలో పెడతారు. మీద పడటానికి వస్తున్నట్టు కనిపించే ఆ బాక్టీరియా చచ్చిపోయి, ఎండిపోయి, బంగారు తొడుగు వేసుకుని ఉంది.

ఈ రంగంలో నేను అందరికన్నా ఎక్కువ గౌరవించే మనిషి జూన్ అల్మీడా. స్కాట్లండ్ ఆవిడ, పదహారేళ్ళకు చదువు ఆపేసి గ్లాస్గోలో ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరింది. వైరస్‌లు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద కూడా చుట్టూ ఉన్న చెత్తలో కలిసిపోతాయి, ఏది వైరసో ఏది మురికో తెలియదు. ఆమె రెండు పనులు చేసింది. భారలోహం ఉన్న ద్రావణంతో చుట్టూ ఉన్న నేలను నల్లగా చేస్తే వైరస్ తెల్లగా తేలుతుంది, అది అప్పటికే ఉన్న పద్ధతి, దాన్ని బాగా సాధన చేసింది. దానికి తోడు, జబ్బు తగ్గినవాళ్ళ రక్తంలోని యాంటీబాడీలు కలిపితే అవి వైరస్‌లను గుత్తులుగా కూడేస్తాయి, గుత్తి కనబడితే అది వైరసే. 1960ల మధ్యలో లండన్‌లో, జలుబు మీద పరిశోధన చేస్తున్న డేవిడ్ టైరెల్ పంపిన నమూనాలో ఆమె చుట్టూ కిరీటంలాంటి అంచున్న కణాలను చూసింది. మనుషులకు వచ్చే కరోనా వైరస్ మొదటిసారి కంటపడింది అప్పుడే. అంతకుముందు అలాంటి బొమ్మలతోనే ఆమె ఒక పేపర్ పంపితే, ఇవి ఫ్లూ వైరస్‌కు సరిగ్గా రాని బొమ్మలని తిప్పి పంపారు. ఆమె కన్ను సరిగ్గానే చూసింది. 1968లో ఆ వైరస్‌ల కుటుంబానికి కరోనా, అంటే కిరీటం, అని పేరు పెట్టారు, ఆ బూడిద రంగు బొమ్మల్లో కనిపించిన అంచును బట్టే. తెర మీద మనం చూసిన ఎర్ర ముళ్ళు మొదట ఆ మసక బొమ్మలో తెల్లటి అంచుగా కనిపించాయి.

తప్పు బొమ్మల సంగతి కొంచెం. వైరస్‌లు, ఎర్ర రక్తకణాలు ఒకే సైజులో పక్కపక్కన తేలుతున్న బొమ్మ మీరందరూ చూసే ఉంటారు. ఎర్ర రక్తకణం అడ్డం కొలత 7 నుంచి 8 మైక్రాన్లు, కరోనా వైరస్ 0.1 మైక్రాన్. రక్తకణాన్ని ఏడడుగుల గుండ్రటి చాప అనుకుంటే వైరస్ దాని మీద ఒక పెద్ద గోలీకాయ. పైగా ఆ వైరస్ మకాం ముఖ్యంగా శ్వాసనాళాల లోపలి పొరలో, రక్తంలో కాదు. డీఎన్ఏ బొమ్మలు ఇంకో తలనొప్పి. మన కణాల్లో ఉండే డీఎన్ఏ మెలిక కుడివైపుది, మామూలు స్క్రూ మర లాగే. నిలబెట్టి చూస్తే ముందువైపు తీగ ఎడమ కింద నుంచి కుడి పైకి ఎక్కాలి. పుస్తకాల అట్టల మీద, ల్యాబుల బోర్డుల మీద సైతం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. ఈరోజు ఇంటికెళ్ళి మీ దగ్గరున్న పుస్తకం చూడండి.

ఇక తెల్లకోటు వేసుకుని నీలం నీళ్ళున్న ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తి పట్టుకున్న శాస్త్రవేత్త ఫొటో. మా పనిలో చాలా ద్రావణాలు నీళ్ళలాగే ఉంటాయి. అందుకే ట్యూబు మూత మీద పేరు, తేదీ రాయడం మాకు ప్రాణంతో సమానం, ఏది ఏదో చూసి చెప్పలేం. లైటు వెలగని మైక్రోస్కోప్‌లోకి చూస్తున్నవాళ్ళు, కల్చర్ ప్లేటు మూత తీసి ముఖం దగ్గర పెట్టుకున్నవాళ్ళు కూడా ఆ ఫొటోల్లో కనిపిస్తారు. రెండోది చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది, కొత్తగా చేరే పిల్లలు దాన్నే చూసి నేర్చుకుంటారేమోనని.

వీటన్నిటికన్నా బాధపెట్టేది పరిశోధన పత్రాల్లో బొమ్మలు మార్చడం. ఎలిజబెత్ బిక్ అనే మైక్రోబయాలజిస్టు తన తోటివాళ్ళతో కలిసి 20,621 పత్రాల్లోని బొమ్మలను కంటితో ఒక్కొక్కటిగా పరిశీలించింది. 2016లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం 3.8 శాతం పత్రాల్లో ఒకే బొమ్మను రెండుచోట్ల వాడటం, తిప్పి పెట్టడం, కొంత భాగం అతికించడం లాంటి తేడాలు కనిపించాయి, వాటిలో కనీసం సగం కావాలని చేసిన లక్షణాలున్నవి. బొమ్మ మొత్తానికి వెలుతురు కొంచెం పెంచుకోవచ్చు, పెంచానని చెప్పొచ్చు. ఇష్టంలేని గీతను చెరిపేస్తే అది వేరే సంగతి, అలా మార్చిన బొమ్మను నమ్ముకుని ఇంకెవరో ఏళ్ళ తరబడి పనిచేస్తారు, దాని చివర మందు కోసం ఎదురుచూసే రోగి ఉంటాడు.

ఇక్కడ డిజైన్ చేసేవాళ్ళు, వార్తలు రాసేవాళ్ళు ఉన్నారు. మీకు నా విన్నపం చిన్నది. బొమ్మ కింద ఒక్క లైను రాయండి. ఫొటోనా గీసిందా, దేంతో తీశారు, రంగు తర్వాత వేసిందా, ఎంత పెద్దది చేసి చూపిస్తున్నారు. మూలన చిన్న కొలత గీత పెడితే ఇంకా మంచిది. ఒక్క లైనుకు చోటు లేని పేజీ నేను ఇంతవరకు చూడలేదు.

మాటలు చాలు. అటు కిటికీ పక్కన మైక్రోస్కోప్ పెట్టించాను, ఆ పెద్దావిడకు చూపించినటువంటి పాత స్లయిడే, అందులోవి ఎప్పుడో చచ్చిపోయాయి, భయం లేదు. వరసగా రండి. ముందు కనురెప్పలే కనిపిస్తాయి, కంగారుపడకుండా తల కొంచెం వెనక్కి తీయండి. పెద్ద స్క్రూ ముట్టుకోవద్దు, లెన్స్ గాజుకు తగులుతుంది. చిన్న స్క్రూ మాత్రం మెల్లగా, ఇటు ఒక పిసరు, అటు ఒక పిసరు. నీలం కనబడగానే చెయ్యి ఆపి కాసేపు అలాగే చూస్తూ ఉండండి, ఎర్ర గీతలు వాటంతటవే కళ్ళకు దొరుకుతాయి.