సీఆర్ చెబితేనే నమ్మకం

శ్రోతలకు నమస్కారం.

వానలు గట్టిగా పట్టుకున్న రోజుల్లో రాత్రి ఏ కాలేజీ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఒకటే గోల. "రేపు ఎగ్జామ్ వాయిదా అంట, నిజమేనా?" కింద ఒక సర్క్యులర్ ఫొటో. యూనివర్సిటీ ముద్ర, అడుగున సంతకం, అన్నీ ఉంటాయి. పెద్దది చేసి చూస్తే తేదీ దగ్గర మాత్రం అంకెల సైజు తేడాగా ఉంటుంది. పాత కాగితానికి ఎవరో కొత్త తేదీ అతికించారన్నమాట.

అప్పుడు విద్యార్థి యూనివర్సిటీ ఫేస్‌బుక్ పేజీ వెతకడు, క్లాస్ రిప్రజెంటేటివ్ అయిన సీఆర్‌కి ఫోన్ చేస్తాడు. "ఫేక్ రా, చదువుకో" అని సీఆర్ అంటే టెన్షన్ పోతుంది. అధికారిక పేజీలో ఏముంటుంది? మొక్క నాటుతున్న వీసీగారు, శాలువాలు, రిబ్బన్ కటింగులు. ఆ ఫొటోల కింద "సార్, రీవాల్యుయేషన్ రిజల్ట్స్ ఎప్పుడు?" అని ఎంతమంది అడిగినా ఉలుకూ పలుకూ ఉండదు.

నిజానికి ఫేస్‌బుక్ పుట్టిందే యూనివర్సిటీలో. 2004 ఫిబ్రవరిలో హార్వర్డ్‌లో మొదలైనప్పుడు, అక్కడి ఈమెయిల్ ఉన్నవాళ్లకే ప్రవేశం. తర్వాత మిగతా కాలేజీలకు పాకి, 2006 సెప్టెంబరులో అందరికీ తలుపులు తెరిచారు. మొదట్లో పేరు వెనక ఉన్నది నిజం మనిషేనన్న భరోసా ఉండేది. ఆ భరోసా యూనివర్సిటీది, లాభం కంపెనీది!

మన దేశంలో కథ వేరుగా నడిచింది. 2019 జులైలో కేంద్ర మానవ వనరుల శాఖ ఉన్నత విద్యాసంస్థలకు ఒక లేఖ రాసింది. ప్రతి సంస్థా ఒక 'సోషల్ మీడియా చాంపియన్'ను పెట్టుకోవాలి, విద్యార్థుల ఖాతాలను సంస్థ ఖాతాతోనూ శాఖ ఖాతాతోనూ కలపాలి. ఇది మా మీద నిఘానా అని అభ్యంతరాలు వచ్చాయి. కాదు, మంచి పనుల ప్రచారానికేనని శాఖ వివరణ ఇచ్చుకుంది. అడగకుండా చొరబడితే ఎవరికైనా అనుమానమే కదా.

అధ్యాపకుల బాధ ఇంకొకటి. నంబరిస్తే అర్ధరాత్రి మెసేజీలు, సరదాగా అన్న మాటకు స్క్రీన్‌షాట్లు. ముఖ్యంగా మేడమ్‌లు నంబరివ్వడానికే జంకుతారు. అందుకే చాలా గ్రూపుల్లో అడ్మిన్లే రాసేలా సెట్టింగ్ పెడతారు. అది నోటీసు బోర్డు అయిపోతుంది. పిల్లలు సార్ లేని ఇంకో గ్రూపు పెట్టుకుంటారు. అసలు కబుర్లూ పుకార్లూ అక్కడే. అక్కడ రాసింది బయటికి పోదనుకుంటే పొరపాటే. ప్రైవేటు గ్రూపులో పెట్టిన రోత మీమ్‌ల వల్ల, 2017లో హార్వర్డ్‌లో కనీసం పదిమంది చేరకముందే సీటు పోగొట్టుకున్నారు.

పరీక్షల రోజుల్లోనైనా ఎగ్జామ్ బ్రాంచ్‌లో ఒక ఉద్యోగికి యూనివర్సిటీ పేజీ అప్పగించి, రాత్రి పదకొండు దాకా జవాబులిప్పిస్తే ఖర్చు పెద్దగా ఉండదు. రీవాల్యుయేషన్ గురించి "ఇంకో పది రోజులు పడుతుంది" అన్నా పిల్లలు ఊరుకుంటారు. ఇప్పుడు ఆ ముక్క చెప్పే నాథుడు కూడా లేడు.

సెలవు.