లైక్: నప్పింది, నచ్చింది, మెచ్చాను

(నల్లని తెర. మధ్యలో నీలిరంగు బొటనవేలి గుర్తు ఒక్కటే.)

వ్యాఖ్యాత: ఈ గుర్తు మీకు కొత్త కాదు. "లైక్ కొట్టండి" అన్న మాట వినీ వినీ చెవికి ఆనడం కూడా మానేసింది. ఇవాళ ఆ మాటనే పట్టుకుని ఒక 600 ఏళ్లు వెనక్కి వెళదాం. అక్కడ ఒక విడ్డూరం కనిపిస్తుంది. అప్పటి ఇంగ్లీషువాడు "నేను దీన్ని లైక్ చేస్తున్నాను" అనే బదులు "ఇది నన్ను లైక్ చేస్తోంది" అన్నట్టుగా చెప్పేవాడు. మతి చెడి కాదు. మాట అర్థమే అది.

(దృశ్యం: పాత లండన్ పటం. థేమ్స్ నదికి దక్షిణపు ఒడ్డున సదర్క్.)

ఇక్కడ టాబర్డ్ అనే పూటకూళ్లిల్లు ఉండేది. ఇంగ్లీషు కవి చాసర్ రాసిన 'కాంటర్‌బరీ కథలు' మొదలయ్యేది అక్కడే. 1380ల చివర్లో రాయడం మొదలుపెట్టి, 1400లో చనిపోయేనాటికి కూడా ఆయన పూర్తి చేయని కావ్యం అది. యాత్రకు బయలుదేరిన దాదాపు 30 మంది రాత్రి భోజనం చేసి, ఎవరి లెక్క వారు కట్టేశారు. గమనించండి, డబ్బు చేతికి అందాకే యజమాని హ్యారీ బైలీకి హుషారు వచ్చింది. దారిలో కథలు చెప్పుకుందాం, తీర్పు నాకు వదిలేయండి అంటూ ఒక మాట కలిపాడు.

(తెరపై పెద్ద అక్షరాలతో: ఇఫ్ యూ లీకెథ్)

అప్పట్లో లైక్‌ను లీక్ అని పలికేవారు. ఈ మూడు మాటలనూ కాస్త దగ్గరగా చూద్దాం. ఇక్కడున్న 'యూ' నేటి 'యూ' కాదు. నాటి ఇంగ్లీషులో "మీరు" అనడానికి 'యే' ఉండేది. "మిమ్మల్ని", "మీకు" అనవలసినప్పుడే 'యూ' వచ్చేది. ఇక 'ఎథ్' అనేది ఏకవచనపు తోక. ఎదురుగా 30 మంది కూర్చుని ఉంటే క్రియ ఏకవచనంలో ఎందుకు ఉంది? అది వారి గురించి చెప్పడం లేదు కాబట్టి. అది ఆ ఆలోచన గురించి చెబుతోంది. అంటే హ్యారీ బైలీ అన్నది అచ్చంగా మన మాటే: "మీకు నచ్చితే."

(తెర రెండుగా చీలుతుంది. ఎడమవైపు: నచ్చు. కుడివైపు: మెచ్చు.)

ఇది ఇంగ్లీషువారికి వివరించాలంటే వ్యాకరణ పుస్తకం తెరవాలి. మనకు రెండు మాటలు చాలు. "ఆ పాట నాకు నచ్చింది", "ఆ పాటలు నాకు నచ్చాయి." క్రియ పాట వెంట నడుస్తోంది. నేను ఒక పక్కన 'కు' తగిలించుకుని కూర్చున్నాను. అదే మెచ్చుకు వస్తే, "రాజు కవిని మెచ్చాడు." ఇక్కడ క్రియ రాజు వెంట నడిచింది. మెచ్చడం మనిషి చేసే పని, నచ్చడం వస్తువు చేసే పని.

లైక్ కథంతా ఇంతే: నచ్చుగా పుట్టింది, మెచ్చుగా మారింది. నిజానికి నచ్చు కంటే ముందు ఇంకో మెట్టు ఉంది. అది శవం దగ్గర మొదలవుతుంది.

(దృశ్యం: ఇంగ్లండ్‌లోని ఒక పల్లె చర్చి. శ్మశానం ముందు పెంకుల కప్పు ఉన్న చెక్క ద్వారం.)

దీన్ని లిచ్‌గేట్ అంటారు. శవపేటిక మోసుకొచ్చినవారు మతగురువు ఎదురొచ్చేదాకా దీని కింద ఆగేవారు. పాత ఇంగ్లీషులో 'లీచ్' అంటే ఒళ్లు, దేహం. ప్రాణం ఉన్నదైనా సరే, లేనిదైనా సరే. జర్మన్‌లో నేటికీ 'లైషె' అంటే శవమే.

ఒళ్లు అన్న మాట నుంచి ఆకారం అన్న అర్థం వచ్చింది. ఒకే ఆకారంలో ఉన్నవి ఒకదానిలాగా ఒకటి ఉంటాయి. "లాగా" అనే అర్థంలో ఇంగ్లీషువారు వాడే లైక్ అదే. 'ఫ్రెండ్లీ' చివర ఉన్న 'లీ' కూడా ఆ దేహం తాలూకు ముక్కే. ఆకారం కుదిరితే అమరుతుంది, అమరితే ఇంపుగా ఉంటుంది. ఈ మెట్టుకు మన దగ్గర చక్కటి మాట ఉంది: నప్పు. చీర ఒంటికి నప్పింది, కాబట్టి మనసుకు నచ్చింది. పాత ఇంగ్లీషు 'లీకియన్' అనే క్రియ ఈ రెంటి మధ్య పుట్టింది.

(దృశ్యం: పళ్లెంలో బేరిపండ్లు. వెనుక కిరీటం పెట్టుకున్న రాజు బొమ్మ.)

మరి నచ్చు మెచ్చుగా ఎలా మారింది? డెన్మార్క్ భాషావేత్త ఓటో యెస్పర్సన్ దీనికి ఒక ఉదాహరణ అల్లాడు. "రాజుకు బేరిపండ్లు నచ్చాయి" అన్నదాన్ని పాత ఇంగ్లీషులో ఇలా చెబుతారు:

(తెరపై: థామ్ క్యునింగె లికొదొన్ పెరన్)

'థామ్'లోని 'మ్', 'క్యునింగె' చివరి 'ఎ' మన 'కు' చేసే పని చేస్తున్నాయి. 'లికొదొన్' బహువచనం, అంటే "నచ్చాయి". తర్వాతి శతాబ్దాల్లో ఆ తోకలన్నీ అరిగిపోయాయి. మన 'కు' కూడా అరిగిపోయిందనుకోండి. "రాజు బేరిపండ్లు నచ్చా..." అని మిగులుతుంది. ముందున్నది రాజు, పైగా మనిషి. వినేవాడు ఆయననే కర్త అనుకుంటాడు. అలా "రాజుకు నచ్చాయి" కాస్తా "రాజు ఇష్టపడ్డాడు" అయింది.

ముచ్చటైన ఉదాహరణే కానీ, నాకు పూర్తిగా మింగుడుపడదు. 'మీ', 'హిమ్' లాంటి సర్వనామాల రూపాలు అరగలేదు కదా? వాటితో కూడా పద్ధతి మారిపోయింది. తోకలు అరగడం ఒక్కటే కారణమంటే కథ మరీ సులువైపోతుంది. చాలాకాలం రెండు పద్ధతులూ పక్కపక్కనే బతికాయి. 'హామ్లెట్' నాటకంలో రెండూ ఉన్నాయి. రాజు క్లాడియస్ "ఐ లైక్ హిమ్ నాట్" అంటాడు, అది మెచ్చు. కత్తి చేతికి తీసుకుని చూసిన హామ్లెట్ "దిస్ లైక్స్ మీ వెల్" అంటాడు, "ఇది నాకు బాగా నచ్చింది" అని.

(దృశ్యం: రాత్రి. మేడ కిటికీ కింద వాద్యగాళ్లు. దూరంగా నీడలో ఇద్దరు.)

ఆ సంధికాలాన్ని షేక్‌స్పియర్ ఒక్క శ్లేషలో పట్టేశాడు. 'టూ జెంటిల్‌మెన్ ఆఫ్ వెరోనా' నాటకంలో జూలియా మగవేషం వేసుకుని ప్రియుణ్ణి వెతుక్కుంటూ మిలాన్ వస్తుంది. ప్రోటియస్ అనే ఆ మహానుభావుడు ఇంకో అమ్మాయి కిటికీ కింద పాట కచేరీ పెట్టించాడు. పక్కనున్న పూటకూళ్లింటి యజమాని (ఇక్కడా ఆయనే!) జూలియా దిగులు చూసి, "ద మ్యూజిక్ లైక్స్ యూ నాట్" అంటాడు. సంగీతం నీకు నచ్చలేదేమో అని. జూలియా జవాబు: "ద మ్యుజీషియన్ లైక్స్ మీ నాట్."

పాత అర్థంలో, "ఆ పాడేవాడు నాకు నచ్చలేదు." యజమానికి వినిపించింది అదే. కొత్త అర్థంలో, "ఆ పాడేవాడికి నా మీద ప్రేమ లేదు." ఆమె గుండెలో ఉన్నది అది. రెండు అర్థాలూ ప్రేక్షకుల చెవిలో సజీవంగా ఉన్న రోజులు కాబట్టి ఆ మాట పేలింది. నేటి ప్రేక్షకుడికి ఒక్కటే అందుతుంది.

1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో 'లైకెత్' ఇంకా కనిపిస్తుంది, ఆ తర్వాత పలచబడి మాయమైంది. ఆ ఖాళీలోకి ఫ్రెంచి నుంచి వచ్చిన 'ప్లీజ్' దూరింది. "మీకు ఇంపైతే" అనే అర్థంతో వచ్చి, అదీ లైక్ దారిలోనే నడిచి "ఇఫ్ యూ ప్లీజ్"గా మారింది.

(దృశ్యం: మళ్లీ బొటనవేలి గుర్తు. ఈసారి నాలుగు, వరుసగా.)

2009 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ ఈ మీట పెట్టింది. ఇంగ్లీషులో లైక్. జర్మన్‌లో 'గెఫెల్ట్ మీర్', స్పానిష్‌లో 'మే గుస్తా', ఇటాలియన్‌లో 'మీ ప్యాచె'. ఈ మూడింటినీ తెలుగు చేస్తే వచ్చేది ఒకే మాట: "నాకు నచ్చింది." మనమేమో లైక్‌ను నామవాచకం చేసి, దానికి 'కొట్టు' తగిలించాం. దాంతో నచ్చకపోయినా కొట్టే వీలు దొరికింది. పెళ్లి ఫొటోలన్నిటికీ మనం చేస్తున్నది అదే.

హ్యారీ బైలీ లెక్కలు తేలాకే నోరు విప్పాడు. నేనూ చెప్పవలసింది చెప్పేశాకే అడుగుతున్నాను. ఇఫ్ యూ లీకెథ్.

(మూడు గుర్తులు మాయమవుతాయి. ఒకటి మిగులుతుంది.)