నల్ల కారు డోరులో ఒక మనిషి

శ్రోతలకు నమస్కారం.

నేను పనిగట్టుకుని తీసిన మొదటి బండి ఫొటో ఒక మిత్రుడి కారుది. నల్లటి కారు. అమ్మకానికి పెట్టాలి, నాలుగు మంచి ఫొటోలు తీసిపెట్టమన్నాడు. వెలుతురు దండిగా ఉంటుంది కదా అని మిట్టమధ్యాహ్నం వెళ్లి, చుట్టూ తిరిగి ముప్పై దాకా తీశాను. ఇంటికొచ్చి పెద్దగా చేసి చూద్దును కదా, ముందు డోరులో మోచేతులు రెండూ పైకెత్తి, కాళ్లు ఎడంగా పెట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నేనే! నా వెనక గోడ, గోడ మీద ఆరేసిన బట్టలు, కింద పసుపు రంగు బకెట్. అన్నీ కారు ఒంటి మీద చక్కగా అచ్చయ్యాయి. బానెట్ మీద సూర్యుడు తెల్లటి మచ్చలా మండుతున్నాడు.

కారు పెయింటు మీద నిగనిగలాడే పారదర్శక పూత ఒకటి ఉంటుంది. దానివల్ల కారు ఒళ్లంతా సగం అద్దమే. ఎదురుగా ఏది ఉంటే అది అందులో పడుతుంది. అందుకే ఇప్పుడు నేను ఫొటో తీసే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను. కరెంటు స్తంభాలు, గోడలు, ఎర్ర చొక్కా వేసుకున్న మనుషులు... వీటిలో ఏది నా వెనక ఉన్నా చోటు మారుస్తాను, లేదా బండిని కాస్త జరిపిస్తాను.

ఈ రాత్రి ఒక చిన్న పని చేసి చూడండి. స్టీలు గరిటె ఒకటి తీసుకుని ట్యూబ్‌లైటు కింద పట్టుకోండి. వంపు మీద సన్నగా ఒక తెల్లటి గీత కనిపిస్తుంది. గరిటెను మెల్లగా తిప్పితే ఆ గీత పాకుతుంది. గరిటె ఎంత వంపు తిరిగిందో కంటికి చెప్పేది ఆ గీతే. కారుకైనా అంతే. పైన ఆకాశం తెల్లగా, కింద నేల నల్లగా డోరు మీద పడి, రెండూ కలిసే చోట ఒక గీత ఏర్పడుతుంది. మీరు లేస్తే, కూర్చుంటే ఆ గీత కదులుతుంది. కారు భుజం వంపు వెంట, అంటే కిటికీల కింద సాగే అంచు వెంట, అది ఏ అడ్డూ లేకుండా సాగేదాకా మీరే లేచి కూర్చుంటూ ఉండాలి. మోకాళ్లకు మంచి వ్యాయామం!

ఇంతకీ అంత పెద్ద ట్యూబ్‌లైటు ఎక్కడ దొరుకుతుందంటారా? పొద్దు గుంకిన తర్వాత ఒక పదిహేను ఇరవై నిమిషాలు ఆకాశమంతా అదే. ఖాళీ మైదానంలో బండి నిలిపి, హెడ్‌లైట్లు వేసి తీయండి. ఆ మిత్రుడి కారునే మర్నాడు సాయంత్రం అలా తీశాను. అదే ఫోను, అదే కారు. కానీ ఈసారి దాని ఒంట్లో వంపులున్నాయని తెలిసింది.

గాజు మీద మెరుపు మరీ ఇబ్బంది పెడితే పోలరైజర్ అనే ఫిల్టర్ ఉంది. లెన్సు ముందు పెట్టి తిప్పుతుంటే అద్దం మీది మెరుపు తగ్గి లోపలి సీట్లు కనిపిస్తాయి. పూర్తిగా తుడిచెయ్యకండి, బండి మట్టిబొమ్మలా కళ తప్పుతుంది.

ఫోనుతో దగ్గర నుంచి తీస్తే కారు ముక్కు ఉబ్బిపోతుంది. ఏడెనిమిది అడుగులు వెనక్కి వేసి, రెండింతల జూమ్ పెట్టండి. కెమెరాను హెడ్‌లైట్ ఎత్తుకు దించండి. ముందు వైపు నుంచి ఏటవాలుగా తీసేటప్పుడు, మీరు ఏ పక్క నిలబడితే స్టీరింగ్‌ను దానికి అవతలి పక్కకు తిప్పించండి. అప్పుడు టైరు గాడులు కాకుండా చక్రం ముఖం మీ వైపు ఉంటుంది. నల్ల బండిని ఫోను వెలిసిపోయినట్టు చూపిస్తుంది, తెల్ల బండిని మాపేస్తుంది. నల్లదానికి వెలుగు కాస్త తగ్గించండి, తెల్లదానికి పెంచండి.

ఇక పరుగెత్తే బండి. కెమెరాలోకి వెలుగు వచ్చేలా తలుపు తెరిచి ఉంచే సమయమే షట్టర్ స్పీడ్. అది సెకనులో వెయ్యో వంతు పెట్టి తీస్తే చక్రాలు కూడా ఆగిపోయి, రోడ్డు మధ్య పార్క్ చేసినట్టుంటుంది. అరవయ్యో వంతుకు తగ్గించి, బండితో పాటే కెమెరాను తిప్పుతూ నొక్కాలి. 1912-13 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో జాక్ ఆన్రీ లార్తీగ్ అనే టీనేజీ కుర్రాడు గ్రాండ్ ప్రీ కార్ల రేసులో ఇలాగే కెమెరా తిప్పుతూ ఒక కారును తీశాడు. ఆనాటి కెమెరాలో షట్టర్ చీలిక ఫొటో పడే ఫలకం మీదుగా జరిగేలోపు కారు ముందుకు పోయింది. చక్రం కోడిగుడ్డులా ముందుకు వాలింది, రోడ్డు పక్కన నిలబడ్డ జనం వెనక్కి వాలిపోయారు. చెడిపోయిందనుకుని పక్కన పడేశాడట. 1963లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం అతని ఫొటోలు ప్రదర్శించాక లోకం అతణ్ణి గుర్తించింది. ఇప్పుడు వేగాన్ని పట్టిన పేరున్న ఫొటోల్లో అదొకటి.

నేను సైకిలు తొక్కే పిల్లల మీద సాధన చేశాను, రోడ్డుకు బాగా దూరంగా నిలబడి. మొదటి రోజు నలభై తీస్తే మూడు నిలిచాయి. ఒకదాంట్లో చువ్వలన్నీ కలిసిపోయి చక్రం వెండి పళ్లెంలా ఉంది. తొక్కే అమ్మాయి మొహం మాత్రం కనురెప్పలతో సహా స్పష్టంగా పడింది.

సెలవు.