గంట మోగిందా?

శ్రోతలకు నమస్కారం.

ప్రాచీన గ్రీకు భాషలో 'ఒప్సోఫాగియా' అనే మాట ఉంది. కమ్మని రుచుల మీద మోజు అని అర్థం. మనకు అన్నం, కూర ఎలాగో వాళ్లకు రొట్టె, 'ఒప్సోన్' అలాగ. ఒప్సోన్ అంటే రొట్టెతో నంజుకునేది. రొట్టెను పక్కన పెట్టి నంజుకునేదాని మీదే చెయ్యి వేసేవాణ్ణి చూస్తే, ఇదుగో, వీడికి ఒప్సోఫాగియా అనేవారు. సముద్రం పక్కన బతికే జనం కదా, నంజుకోవడానికి చేపను మించింది లేదనుకున్నారు. పోనుపోను ఒప్సోన్ అనే మాటకు చేప అనే అర్థమే స్థిరపడింది. నేటి గ్రీకు భాషలో చేపను 'ప్సారి' అంటారు. అదీ ఆ మాటలోంచి పుట్టిందే.

ఇంతకీ ఎవరిని ఒప్సోఫాగోస్, అంటే ఆ మోజు ఉన్నవాడు, అనాలి? ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ గ్రంథంలో దీనికి సమాధానం ఉంది. అత్తిపళ్లు ఇష్టపడేవాణ్ణి కాదు, మాంసం ఇష్టపడేవాణ్ణీ కాదు. చేపల అంగడి దగ్గరే తిరుగుతూ, గంట కోసం చెవులు రిక్కించేవాణ్ణి అనాలట.

ఆ గంట గురించి చెప్పాలనే నా ఆరాటమంతా. ఇప్పటి టర్కీ నైరుతి తీరాన ఇయాసోస్ అనే రేవు పట్టణం ఉండేది. నేల అంతంత మాత్రం, కడలి మాత్రం చల్లని తల్లి. చేపల అమ్మకం మొదలైతే గంట కొట్టేవారు. సుమారు 2000 ఏళ్ల కిందట భూగోళ శాస్త్రకారుడు స్ట్రాబో ఆ ఊరి మీద చెప్పుకునే కథ ఒకటి రాసిపెట్టాడు.

ఒకరోజు ఒక గాయకుడు తంత్రీవాద్యం మీటుతూ పాడుతున్నాడు. జనం శ్రద్ధగా వింటున్నారు. ఇంతలో గంట మోగింది. అంతే! అందరూ లేచి చేపల దగ్గరికి వెళ్లిపోయారు. నాకు వాళ్ల మీద కోపం రాదు. మంచుగడ్డలు దొరకని కాలం, ఎండ ఎక్కితే చేప ఆగదు. పాట ఆగుతుంది.

ఒక్కడు మాత్రం కదలలేదు. అతనికి చెముడు. గాయకుడు దగ్గరికి వెళ్లి, "అయ్యా, మీ సంగీతాభిమానానికి, నాకిచ్చిన గౌరవానికి కృతజ్ఞుణ్ణి. గంట మోగగానే అందరూ వెళ్లిపోయారు, మీరొక్కరే ఉన్నారు" అన్నాడు.

"ఏమన్నావు? గంట మోగిందా?"

"మోగిందండీ."

"అయితే చల్లగా ఉండు నాయనా" అంటూ అతనూ లేచి బయలుదేరాడు.