వాల్యూయర్ టేపు పట్టుకొని వచ్చినప్పుడు
(తిరుపతిలో ఇంటి యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంటి మీద లోను అడిగితే బ్యాంకు ప్యానెల్‌లోని వాల్యూయర్, అంటే ఆస్తికి విలువ కట్టే నిపుణులు ఒకరు వచ్చి చూసిపోతారు. ఆయన వస్తున్నారనగానే చాలామంది గోడలకు రంగులు వేయిస్తారు. ఆ ఖర్చేదో లింకు డాక్యుమెంట్ల, అంటే ఆ స్థలం చేతులు మారిన పాత దస్తావేజుల నకళ్లకు పెట్టుకుంటే మేలు.

ఇల్లంతటికీ కలిపి ఒక ధర చెప్పడం బ్రోకర్ల పద్ధతి. వాల్యూయర్ నేలకు వేరుగా, కట్టడానికి వేరుగా విలువ కడతారు. ముందు నేల సంగతి చూద్దాం, తేడాలు ఎక్కువగా వచ్చేది అక్కడే.

మన తిరుపతి అంకణం ఆరడుగులకు ఆరడుగులు. అంటే 36 చదరపు అడుగులు, 4 గజాలు. సూళ్లూరుపేట, నాయుడుపేట 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేవి, ఆ వైపు అంకణమంటే 72 చదరపు అడుగులు. ఇప్పుడు ఒకే జిల్లాలో రెండు అంకణాలు! ఫోన్లో రేటు విని మురిసిపోయే ముందు ఏ అంకణమో అడగండి. రిపోర్టులో గజాల్లోనో, చదరపు అడుగుల్లోనో రాసేది ఈ తిరకాసు లేకుండా ఉండడానికే.

దస్తావేజులో 40 అంకణాలని ఉంది, టేపు పెడితే 38 వచ్చింది అనుకుందాం. తగ్గిన రెండూ రోడ్డులోకి పోయి ఉంటాయి, లేదా పక్కింటి ప్రహరీ లోపల ఉంటాయి. లెక్కలోకి 38 మాత్రమే వస్తుంది. అదే 42 వచ్చినా కాగితం మీదున్న 40కి మించి తీసుకోరు. తర్వాత చెక్కుబందీలు, అంటే నాలుగు వైపుల హద్దులు. పాత దస్తావేజులో తూర్పున ఖాళీ స్థలమని ఉంటుంది, ఇవాళ అక్కడ అయిదంతస్తుల అపార్ట్‌మెంటు నిలబడి ఉంటుంది. ఇది అదే స్థలమని తేల్చడానికి లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం), ప్లాను కావాలి. డీకేటీ పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన భూమి) అయినా, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ కుదరని 22ఎ నిషేధిత జాబితాలో ఉన్నా, మఠం భూమి అన్న వివాదం ఉన్నా ఇల్లు ఎంత బాగున్నా ఫైలు అక్కడే ఆగిపోతుంది.

ఇక కట్టడం. రెండంతస్తులూ కలిపి 1,200 చదరపు అడుగుల మిద్దె, వయసు 20 ఏళ్లు. ఇవాళ అలాంటిదే కట్టడానికి అడుగుకు 2,000 అనుకుంటే 24 లక్షలు. స్లాబు ఇంటికి మామూలుగా 60 ఏళ్ల ఆయుష్షు వేసి, చివర 10 శాతం పాత సామాను విలువగా మిగులుస్తారు. తక్కిన 90 శాతాన్ని 60 ఏళ్లకు పంచితే 20 ఏళ్లకు తరుగు 30 శాతం, 7.2 లక్షలు. నిలిచేది 16.8 లక్షలు. అంకణం లక్ష చొప్పున 38 లక్షల నేల కలిపితే 54.8 లక్షలు. పై అంతస్తు 600 అడుగులకు ప్లాను లేదా? అందులో 8.4 లక్షలు ఎగిరిపోతాయి. బీపీఎస్‌లో, అంటే ప్లాను లేని కట్టడాలకు జరిమానా కట్టించుకునే పథకంలో, క్రమబద్ధం చేయించుకున్న కాగితం ఉంటే ముందే చేతికివ్వండి, అడిగేదాకా ఆగొద్దు.

ఇంట్లోకి వచ్చాక ఆయన చూపు షోకేసు మీద కాదు, బాత్రూము పక్క స్లాబు అడుగున పడుతుంది. అక్కడ చెమ్మ దిగితే లోపలి కమ్మీ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన కమ్మీ ఉబ్బుతుంది, ఉబ్బి కింది కాంక్రీటును పెచ్చులుగా తోసేస్తుంది. దాని మీద పుట్టీ పూసి రంగేసినా వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తుంది, దొరికిపోతారు. గోడ పూతలో వెంట్రుకంత బీటలను ఎవరూ పట్టించుకోరు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోతూ రూపాయి బిళ్ల దూరేంత బీట ఉంటే మాత్రం పునాది కుంగిందేమోనని అనుమానిస్తారు. పూడ్చిన నేల మీద లేచిన ఇళ్లలో ఇది కనిపిస్తుంది. లోతట్టు వీధుల్లో 2021 నవంబరు వానలకు నీళ్లు ఎంతవరకు వచ్చాయని కూడా అడుగుతారు. దాచకండి, పక్కింటివాళ్లు చెప్పేస్తారు.

మాడ్యులర్ కిచెన్‌కు, ఫాల్స్ సీలింగ్‌కు మీరు పెట్టినంత రాదు. వాస్తుకు రిపోర్టులో గడి ఉండదు. అయినా వీధిపోటు స్థలమంటే కొనేవాళ్లు వెనకాడతారు కాబట్టి ఆ మేరకు నేల రేటు తగ్గవచ్చు.

లోను ఎంత వస్తుంది? ఇల్లు కొనడానికో కట్టడానికో తీసుకునే గృహ రుణమైతే రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు లోనుకు విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షలకు 80, ఆపైన 75. ఇల్లు కొనేవారికైతే అగ్రిమెంటు ధర, వాల్యూయేషన్ రెండింటిలో ఏది తక్కువైతే దానిమీదే లెక్క. రిజిస్ట్రేషన్‌కయ్యే 7.5 శాతం కూడా చేతి డబ్బే.

లోను రాకపోయినా వాల్యూయేషన్ ఫీజు తిరిగి రాదు. రిపోర్టు నకలు అడిగి విస్తీర్ణం, ఇంటి వయసు, ముందున్న రోడ్డు వెడల్పు సరిచూసుకోండి. తప్పుంటే మేనేజరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. రేటు తక్కువ వేశారనుకుంటే అదే వీధిలో ఈమధ్య రిజిస్టరైన దస్తావేజు సర్టిఫైడ్ నకలు జతచేయండి. "బయట అంత పలుకుతోంది సార్" అన్నంత మాత్రాన ఎవరూ రిపోర్టు మార్చరు. ఆయన వచ్చే రోజున మిద్దె మీద గదికి తాళం వేసుకొని అద్దెవాళ్లు ఊరికి పోకుండా చూసుకోండి. కొలవని గదికి విలువ వేయరు, రెండోసారి రావాలంటే మళ్లీ ఫీజు అడగవచ్చు.